లైకులు తగ్గాయి... ఏం చేయమంటారు?

సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి ఇన్‌స్టాగ్రామ్ పేజీలో అమ్ముకుంటున్నాం. మొన్నటి వరకు ఒక్కో రీల్‌ని పాతిక వేల మంది చూసేవారు. నెల రోజులుగా ఎనిమిది వందలు దాటడం లేదు. ఎవరో కావాలని మా పేజీని తొక్కేశారని మావారు అంటున్నారు. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: నిద్ర పాడుచేసుకునేంత ప్రమాదమేమీ జరగలేదమ్మా. పోస్టుల్ని వేసిన వరసలో చూపించే పద్ధతిని ఇన్‌స్టాగ్రామ్ 2016లోనే మార్చేసింది. ఇప్పుడు మీ రీల్‌ని మొదట కొద్దిమందికి చూపుతుంది. వాళ్లు చివరిదాకా చూశారా, ఇంకొకరికి పంపారా, దాచుకున్నారా అన్నది గమనించి ఆపైన మరికొందరికి చూపుతుంది. ఒక రీల్ వేలల్లోకి వెళ్లడం, దాని వెనకాలే వేసినవి వందల్లో ఆగిపోవడం అందరి పేజీల్లోనూ జరిగేదే. మీ అనుమానం తీరాలంటే సెట్టింగ్స్‌లో ‘అకౌంట్ స్టేటస్’ తెరిచి చూడండి, ఆంక్షలేవైనా ఉంటే అక్కడ కనిపిస్తాయి. ఒకసారి కొన్నవాళ్లు రెండోసారి అడగడం మానేస్తే మాత్రం ఆలోచించాలి. అప్పుడు రీల్‌ని వదిలేసి సీసా మూత కారుతోందా, పార్శిల్ ఆలస్యమవుతోందా చూడండి.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. అభిమాన హీరో సినిమా వస్తోందంటే నెలల తరబడి ఫోన్ వదలదు. పోస్టర్ వస్తుందని ఒకరోజు, టీజర్ తేదీ చెబుతారని ఇంకోరోజు. ఒళ్లో పుస్తకం, చూపు గడియారం మీద. దీన్ని పిచ్చి అనుకోవాలా?
– ఒక తల్లి, భీమవరం

జవాబు: పిచ్చి కాదండీ, ఆ వయసుకు సహజమైన ఇష్టమే. కటౌట్లకు పూలదండలు వేసిన తరం కూడా చక్కగా చదువుకుని ఉద్యోగాల్లో స్థిరపడింది. మీ అమ్మాయి గడియారం చూడటం వెనుక మాత్రం కొందరి ఉద్యోగం ఉంది. ప్రీ లుక్, ఫస్ట్ లుక్, గ్లింప్స్, టీజర్, లిరికల్ పాటలు, ట్రైలర్ అంటూ తెలుగు సినిమా ప్రచారాన్ని మెట్లు మెట్లుగా కడతారు. ప్రతి మెట్టుకూ ముందు ‘రేపు ఫలానా గంటకు ఒక కబురు’ అని మరో కబురు వదులుతారు. చెప్పేది చిన్న సంగతే అయినా ఎదురుచూపు పెద్దదవుతుంది. ఆ ఎదురుచూపులో అభిమానులే హ్యాష్‌ట్యాగ్ ట్రెండ్ చేస్తూ, 24 గంటల్లో ఎన్ని వ్యూస్ వచ్చాయో లెక్కపెడుతూ ప్రచారమంతా తమ భుజాన వేసుకుంటారు. ఈ సంగతి అమ్మాయికి మందలింపులా కాకుండా మామూలు మాటల్లో చెప్పి చూడండి. తర్వాతి పోస్టర్ ఎప్పుడొస్తుందో తనే ముందుగా చెప్పేస్తుంది. ఆ కిటుకు తెలిశాక దాని పట్టు సగం సడలుతుందని నా నమ్మకం. నిద్రా తిండీ చెడినా, వేరే హీరో అభిమానులతో బూతుల తగవులకు దిగినా, అభిమాన సంఘం పేరుతో ఎవరికైనా డబ్బు పంపినా అప్పుడు గట్టిగా పట్టించుకోండి.

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. మావారు పోయారు, పిల్లలు డల్లాస్‌లో ఉంటారు. యూట్యూబ్‌లో ఒకావిడ రోజూ పొద్దున్నే వంట చేస్తూ కబుర్లు చెబుతుంది. రెండు రోజులు ఆవిడ వీడియో రాకపోతే మనసంతా దిగులుగా ఉంటోంది. ఎవరికైనా చెబితే నవ్వుతారేమోనని భయం. నాకేమైనా అయిందా?
– పేరు రాయలేని పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీకేమీ కాలేదమ్మా, ఇందులో నవ్వాల్సిందీ లేదు. తెర మీది మనిషితో ఏర్పడే ఇలాంటి ఏకపక్ష స్నేహానికి హోర్టన్, వోల్ అనే ఇద్దరు పరిశోధకులు 1956లోనే పారాసోషల్ అని పేరు పెట్టారు. అప్పట్లో వాళ్లు చూసింది టీవీ ప్రేక్షకుల్ని. యూట్యూబ్ వీడియోల్లో పొలం మధ్య కట్టెల పొయ్యి మీద వండిన మస్తానమ్మ గారు 2018 డిసెంబరులో కన్నుమూసినప్పుడు ఆమెను ఒక్కసారైనా కలవని వాళ్లు దేశదేశాల్లో సొంత బామ్మ పోయినట్టు బాధపడ్డారు.

మీరు చూసే ఆవిడ కెమెరా కళ్లలోకి చూస్తూ ‘మీరు’ అని పలకరిస్తారు, తన వంటగదిలోకి రానిస్తారు, ప్రతి రోజూ అదే వేళకు వస్తారు. ఇందులో నేర్పు ఉంది, చాలాసార్లు నిజమైన ఆప్యాయత కూడా ఉంటుంది. కాకపోతే మీరెవరో ఆవిడకు తెలియదన్న ఎరుక మీకుండాలి. ఆ ఎరుక ఉన్నంతవరకు ఆ తోడు మంచిదే. పిల్లల ఫోన్ వస్తే వీడియో ఆగిపోతుందని విసుగు కలుగుతున్నా, ఆవిడ చెప్పిన ప్రతి వస్తువూ కొనేస్తున్నా, బదులు రాలేదని ఏడుపు వస్తున్నా మీ పిల్లలకో డాక్టరుకో చెప్పండి. ఈలోగా ఆవిడ చెప్పిన కూర వండి పక్కింటికి ఒక గిన్నెడు పంపండి.

ప్రశ్న: ఒక హీరోయిన్ అకౌంట్ నుంచి మా తమ్ముడికి మెసేజ్ వచ్చింది. పేరు పక్కన నీలం టిక్కు కూడా ఉంది. ఆమెను కలిసే ఫ్యాన్ కార్డు కోసమని 15 వేలు కట్టాడు. ఇప్పుడు ఇంకో 20 వేలు అడుగుతున్నారు. వాడు గదిలోంచి బయటికి రావడం లేదు.
– ఒక అన్న, ఆదోని

జవాబు: ముందు తమ్ముడి పక్కన కూర్చోండి, తిట్టకండి. ఇలా మోసపోయేవాళ్లలో బాగా చదువుకున్నవాళ్లూ ఉన్నారు. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బును దారిలోనే బ్యాంకులో ఆపే అవకాశం అంత ఉంటుంది. నీలం టిక్కును 2022 చివర్లో ట్విట్టర్, 2023లో ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ నెలవారీ చందాకు ఇవ్వడం మొదలుపెట్టాయి కనుక అదొక్కటే నిజానికి ఆధారం కాదు. తారలు అభిమానులతో మాట్లాడేది అందరికీ కనబడేలాగే: కామెంటుకు బదులిస్తారు, లైవ్‌లోకి వస్తారు, ‘ఏదైనా అడగండి’ అని ప్రశ్నలు తీసుకుంటారు. డబ్బు, ఓటీపీ అడిగినా, ‘టెలిగ్రామ్‌లోకి రా’ అన్నా అవతల ఉన్నది ఆ తార కాదు.

ప్రశ్న: మాది మంగళగిరి. తాతల నాటి నుంచి చీరల నేత. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేజీలు తెరిచాం. పెద్ద కంపెనీల పోస్టులు ఎంతో చమత్కారంగా ఉంటాయి, మాకు అలా రాయడం రాదు. హీరోయిన్లతో ప్రకటన చేయించే స్తోమత లేదు. ఈ పోటీలో మేము మిగులుతామా?
– ఒక నేత కుటుంబం

జవాబు: మిగులుతారు. నిశ్చింతగా ఉండమని మనస్ఫూర్తిగా చెబుతున్నాను, ఎందుకంటే పెద్ద కంపెనీలు కష్టపడి తయారుచేసుకునేది మీ ఇంట్లో ముందే ఉంది. అమూల్ సంగతి చూడండి. 1966లో హోర్డింగుల మీద మొదలైన ఆ చుక్కల గౌను పాప ఇవాళ సోషల్ మీడియాలోనూ అదే రూపంలో ఉంది. ఆ వారం జనం దేని గురించి మాట్లాడుకుంటున్నారో దాని మీద ఒక మాట అంటుంది, అంతే. మాట మారుతుంది, మనిషి మారదు. భాషలు నేర్పే డ్యుయోలింగో 2025 ఫిబ్రవరిలో తన చిహ్నమైన గుడ్లగూబ చచ్చిపోయిందని ప్రకటించి, దాన్ని బతికించాలంటే పాఠాలు చదవమని వాడకందారుల్ని పిలిచింది. ‘ఇవాళ పాఠం చదవలేదు’ అని ఏళ్లుగా వెంటపడిన గుడ్లగూబ కనుకనే జనం పట్టించుకున్నారు. నిన్న పుట్టిన బొమ్మకు ఆ ఆదరణ రాదు. మీరు ఆ చమత్కారాన్ని అనుకరిస్తే అతకదు.

మీకు దారి చూపేది జగిత్యాల జిల్లా లంబాడిపల్లి. అక్కడి మై విలేజ్ షో వీడియోల్లో గంగవ్వ తన యాసలో, తన చీరకట్టులో, తన ఊరి వాకిట్లో మాట్లాడారు. ఆ మాటే ఆమెను 2020లో బిగ్‌బాస్ ఇంటిదాకా తీసుకెళ్లింది. మీ మగ్గం చప్పుడు, నిజాం అంచు నేసే చెయ్యి, పడుగు తెగితే ముడి వేసే తీరు, ఒక చీరకు ఎన్ని రోజులు పడుతుందన్న లెక్క చూపించండి. వారానికి రెండు పోస్టులు చాలు, కానీ ఆ రెండు రోజులూ తప్పకూడదు. కామెంట్‌లో ధర అడిగితే అక్కడే చెప్పండి. ‘ధర కోసం ఇన్‌బాక్స్‌కి రండి’ అనేది నాకు బొత్తిగా నచ్చని అలవాటు, అడిగిన మనిషికి అనుమానం కలిగేది అక్కడే. ‘ఏ రంగు ముందు నేయమంటారు?’ అని వాళ్లనే అడిగి, ఎక్కువమంది చెప్పిన రంగు నిజంగా నేసి చూపించండి. ఆ చీర మగ్గం దిగేదాకా వాళ్లు మిమ్మల్ని వదలరు.

ప్రశ్న: బ్యూటీ పార్లర్ పేజీకి పది వేల మంది ఫాలోవర్లను డబ్బిచ్చి కొన్నాను. ఇప్పుడు పోస్టు పెడితే పన్నెండు లైకులు కూడా రావడం లేదు. అకౌంట్ పోతుందా?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: భయపడకండి, సరిదిద్దుకోవచ్చు. కొన్న ఫాలోవర్లలో చాలావరకు మనుషులు లేని ఖాతాలే. మీ పోస్టు వాళ్లకు చేరినా చూసే కళ్లు లేవు, స్పందన లేదని తెలిసి ఇన్‌స్టాగ్రామ్ దాన్ని మిగతావారికి చూపడం తగ్గిస్తుంది. 2014 డిసెంబరులో ఆ సంస్థ ఇలాంటి ఖాతాల్ని ఏరేసినప్పుడు ప్రపంచ ప్రఖ్యాత తారల లెక్కలే ఒక్కసారిగా పడిపోయాయి. అమ్మినవాడికి పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే అదొక్కటే అసలు ప్రమాదం, ఈ రోజే మార్చేయండి. అనుమానమున్న ఖాతాల్ని కొద్దికొద్దిగా తీసేస్తూ మీ పార్లర్‌కి వచ్చేవాళ్లనే పేజీలోకి పిలవండి.

ప్రశ్న: నేను గవర్నమెంటు టీచర్ని. పిల్లల కోసం లెక్కల పాఠాల వీడియోలు పెడుతున్నాను. పాఠం గురించి కాకుండా నా రూపం గురించి నీచంగా రాస్తున్నారు. బదులు ఇస్తే ఇంకా ఎక్కువవుతోంది. మానేయాలనిపిస్తోంది.
– ఒక ఉపాధ్యాయిని, నిర్మల్

జవాబు: మీ తప్పు ఇందులో రవ్వంత కూడా లేదు టీచర్ గారూ. బదులిస్తే ఎందుకు పెరుగుతోందో చెబుతాను. ప్రేమగా రాసినా ద్వేషంగా రాసినా కామెంటు కామెంటే అని యంత్రం లెక్క వేసుకుంటుంది. 2017లో ఫేస్‌బుక్ కోపం బొమ్మతో సహా ఎమోజీ స్పందనలకు లైకు కన్నా అయిదు రెట్ల విలువ ఇచ్చిందని, సంస్థ లోపలి పత్రాలు బయటికొచ్చాక 2021లో లోకానికి తెలిసింది. అప్పటికే కోపం బొమ్మ విలువను వాళ్లే సున్నాకు దించారు. కాబట్టి జవాబివ్వకుండా తొలగించండి, బ్లాక్ చేయండి. ఇన్‌స్టాగ్రామ్‌లో ‘హిడెన్ వర్డ్స్’లో ఆ మాటలు చేర్చితే అలాంటి కామెంట్లు కనబడకుండా పోతాయి, తెలుగులో రాసిన తిట్టుమాటలు కూడా చేర్చుకోవచ్చు. ఫొటో మార్ఫింగ్ చేసినా, బెదిరించినా, బడి పేరో ఇంటి దారో రాసినా ఓర్చుకోకండి. స్క్రీన్‌షాట్ తీసి 1930కి గానీ, తెలంగాణలో షీ టీమ్స్‌కి గానీ చెప్పండి. పాఠాలు మాత్రం ఆపకండి, దయచేసి.

ప్రశ్న: లక్షల మంది చూసే ఒకమ్మాయి ‘నేను రోజూ వాడేది ఇదే’ అంటే నమ్మి క్రీమ్ కొన్నాను. మొహం మండి ఎర్రబడింది. ఆమెకు డబ్బిచ్చి చెప్పించారని మా చెల్లి అంటోంది. నిజమేనా?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: ముందు క్రీమ్ ఆపి, చర్మ వైద్యులకు చూపించండి. చాలావరకు ఇలాంటి మంట తగ్గిపోతుంది, కళ్ల చుట్టూ వాచినా నీటి పొక్కులు లేచినా ఆ రోజే వెళ్లాలి. డబ్బు, కానుక తీసుకుని చెబితే ఆ సంగతి చూసేవాళ్లకు స్పష్టంగా తెలియాలని 2021లో ప్రకటనల ప్రమాణాల మండలి, 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ నియమాలు పెట్టాయి. హ్యాష్‌ట్యాగుల గుంపులో చివరన ఇరికిస్తే చాలదు, వీడియోలో మాటల్లోనూ తెర మీదా ఉండాలి. తప్పుదోవ పట్టించే ప్రకటన అని తేలితే పది లక్షల దాకా జరిమానా పడొచ్చు. మీరు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. మీరు అమాయకత్వంతో మోసపోలేదు, స్నేహితురాలు చెప్పినట్టుగా చెప్పడమే ఆ ప్రకటనలోని నేర్పు.

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ చదువుతున్నాడు. రోడ్డు మీద పేదవాళ్లకు నోట్ల కట్టలు పంచే ఒక యూట్యూబర్‌ని దేవుడిలా చూసేవాడు. అతను చెప్పిన యాప్‌లో బెట్టింగ్ ఆడి లక్షన్నర పోగొట్టాడు. అప్పు ఇచ్చిన యాప్ వాళ్లు ఫోన్లు చేస్తున్నారు. వాణ్ణి చూస్తే కోపం, జాలి రెండూ వస్తున్నాయి.
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: అయ్యా, మీ అబ్బాయి మీ కళ్ల ముందున్నాడు, అది అన్నిటికన్నా ముఖ్యం. డబ్బు సంగతి తర్వాత చూసుకుందామని ఈ పూటే వాడితో అనండి. ఆ మాట మీ నోటి నుంచి వినాలి. వాడు మాట్లాడటం మానేసినా, చచ్చిపోతానన్నట్టు ఏ మాట అన్నా ఒంటరిగా వదలకండి, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలీమానస్‌కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

ఇక వల ఎలా వేశారో చెబుతాను. నోట్ల కట్టలు పంచే వీడియో నమ్మకం కోసం, గివ్‌అవే పోటీ అలవాటు కోసం, ‘బయోలో లింక్ ఉంది’ అన్నది వసూలు కోసం. మొదట్లో చిన్న గెలుపు చూపించి తర్వాత ఊడ్చేస్తారు. ఆన్‌లైన్ జూదాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటల్ని నడపడంతోపాటు వాటి ప్రచారాన్నీ నేరం చేసింది. కాబట్టి యాప్ పేరు, ఆ వీడియో లింకు, డబ్బు కట్టిన రశీదులు దాచి 1930లో ఫిర్యాదు ఇవ్వండి. అప్పు యాప్ బెదిరింపుల్నీ అందులోనే చెప్పండి, భయంతో ఇంకో అప్పు చేసి కట్టకండి.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా నాలుగేళ్ల పాప తెలుగు పాటలకు వేసే స్టెప్పులు సరదాగా పెడితే ఒక వీడియో మూడు లక్షల మంది చూశారు. ఇప్పుడు ఎవరెవరో పాప బడి పేరు అడుగుతున్నారు. తప్పు చేశామా?
– ఒక తండ్రి

జవాబు: తప్పేమీ లేదు, మురిసిపోయి పెట్టారు. ఇప్పటి పాటల్లో ఎవరైనా వేయగలిగే ఒక స్టెప్పు చూసుకుని పెడతారు, జనం వేసి పంచుకోవడానికే. 2020 లాక్‌డౌన్‌లో క్రికెటర్ డేవిడ్ వార్నర్ కుటుంబంతో కలిసి వేసిన ‘బుట్టబొమ్మ’ స్టెప్పు తెలుగు రానివాళ్ల చేత కూడా కాలు కదిపించింది. మీ పాప కూడా ఆ ఆటలోనే చేరింది. అయితే పిల్లల వివరాలు అపరిచితులు అడగడం మామూలు విషయం కాదు. ఇవాళే అకౌంట్‌ని ప్రైవేట్ చేయండి, బడి యూనిఫాం, ఇంటి నంబరు కనిపించే వీడియోలు తీసేయండి, అడిగినవాళ్లను రిపోర్ట్ చేయండి. తాతలకు, అమ్మమ్మలకు చూపించాలంటే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు చాలు.

ప్రశ్న: కామెడీ రీల్స్ చేస్తాను. రోజుకు మూడు పెట్టకపోతే జనం మర్చిపోతారని భయం. జ్వరంలోనూ షూట్ చేశాను. హీరోలు రోజూ ఎలా పెట్టగలుగుతున్నారు?
– ఒక యువకుడు, అనకాపల్లి

జవాబు: చాలామంది హీరోల పేజీలకు రాసేవాళ్లు, ఎడిట్ చేసేవాళ్లు, కామెంట్లు చూసేవాళ్లు వేరేగా ఉంటారు తమ్ముడూ. ఒంటిచేత్తో చేసే నువ్వు వాళ్లతో పోల్చుకోవద్దు. 24 గంటల్లో మాయమయ్యే స్టోరీ 2016లో ఇన్‌స్టాగ్రామ్‌లోకి వచ్చినప్పటి నుంచి, ఒకరోజు కనబడకపోతే అంతా అయిపోయిందనే బెంగ చేసేవాళ్లకూ చూసేవాళ్లకూ పట్టుకుంది. వారం విరామం తీసుకుంటే లెక్క కాస్త తగ్గడం సహజం, తిరిగొచ్చాక మెల్లగా పుంజుకుంటుంది. వెళ్లే ముందు ‘ఫలానా రోజు వస్తా’ అని చెప్పి, ఆ రోజుకే రా. వ్యూస్ చూసుకుంటే గుండె దడ, అన్నం సహించకపోవడం, రైలు పట్టాల మీదో బైకు మీదో సాహసం చేస్తేనే చూస్తారన్న ఆలోచన వస్తే మాత్రం ఫోన్ పక్కన పెట్టి డాక్టర్ని కలువు.

ప్రశ్న: నాకు డెబ్బై దాటాయి. మూడేళ్లుగా నా అభిమాన నటుడి ప్రతి పోస్టు కిందా ఆశీస్సులు రాస్తున్నాను. ఒక్కసారీ బదులు లేదు. ‘ఆయన చదవడు తాతా’ అని మనవడు నవ్వుతాడు. నా రాతలో తప్పుందా?
– ఒక పెద్దాయన, రాజమహేంద్రవరం

జవాబు: మీ రాతలో ఏ తప్పూ లేదండీ. వేల కామెంట్లలో ఆయన కొన్నిటినే చూడగలరు, ఆ కొన్నిటిలో ఒకటీ అరకే బదులిస్తారు. ఆ ఒక్కటి అందరి కళ్ల ముందూ ఇస్తారు కనుక మిగతా అందరికీ ఆశ పుడుతుంది. 2020లో చిత్తూరు జిల్లా రైతు కుటుంబం వీడియో చూసి సోనూ సూద్ ట్రాక్టర్ పంపించినప్పుడు, దేశం నలుమూలల నుంచీ మరెందరో ఆయనకు రాశారు. 2022 డిసెంబరులో విజయ్ దేవరకొండ వందమంది అభిమానుల్ని తన ఖర్చుతో విహారానికి పంపుతానని, ఎక్కడికో చెప్పమని పోలింగ్ పెట్టారు. మనాలి వెళ్లింది వందమందే, ఓటు వేసినవాళ్లు మాత్రం ఆ వందకు ఎన్నో రెట్లు. ఎప్పుడు దక్కుతుందో తెలియని బహుమతి మనిషిని మళ్లీ మళ్లీ రప్పిస్తుంది, ఇందులో మీ బలహీనత లేదు. రాస్తే మీకు సంతోషంగా ఉంటే రాస్తూనే ఉండండి. ఫోన్ నంబరు, ఇంటి చిరునామా మాత్రం కామెంట్లలో పెట్టకండి. ‘సార్ మేనేజర్‌ని’ అని ఎవరైనా మెసేజ్ చేస్తే బదులిచ్చే ముందు ఆ మనవడికే చూపించండి.